నారు మొలిచిందా? ఇక మూత తీసేయండి | ఇంట్లో నారుకి వేడి, తేమ ఎంత ఉండాలి?

ఈ రోజు టాపిక్ నారు. ఖమ్మం వైపు నుంచి ఒక తమ్ముడు మెసేజ్ పెట్టాడు: "అక్కా, నాన్న పొలానికి మిరప నారు ఇంట్లోనే పది ట్రేలు పోశాను. మొలక బ్రహ్మాండంగా వచ్చింది. నిన్న పొద్దున చూస్తే రెండు ట్రేలు నేలకి పడిపోయాయి, మొదట్లో నొక్కేసినట్టు ఉంది." హైబ్రిడ్ మిరప విత్తనం రేటు మీకు తెలుసు కదా. పైగా మళ్లీ పోసి నారు అందేసరికి ఇంకో నెల పైనే పడుతుంది, అదును దాటిపోతుంది.

దీన్ని నారుకుళ్లు తెగులు అంటారు. పిథియం, రైజోక్టోనియా లాంటి సూక్ష్మజీవులు మట్టి మట్టం దగ్గర కాండాన్ని కుళ్లబెడతాయి. తమ్ముడు పంపిన ఫోటో చూస్తే కారణం కనిపించింది. మొలిచి ఐదు రోజులైనా ట్రేల మీద పాలిథిన్ కవర్ అలాగే ఉంది, లోపల నీటి బొట్లు కారుతున్నాయి.

గింజకి కావలసింది వేరు, మొక్కకి కావలసింది వేరు. గింజ మొలవాలంటే 25 నుంచి 30 డిగ్రీల వేడి, చుట్టూ బాగా తేమ కావాలి. అందుకే నర్సరీల వాళ్లు విత్తిన ట్రేలని ఒకదాని మీద ఒకటి పేర్చి కవర్ కప్పుతారు. టమాటా వారంలోపు వచ్చేస్తుంది, మిరప నెమ్మది. కానీ మొలక తల ఎత్తగానే వాళ్లు కవర్ తీసి ట్రేలని షేడ్‌నెట్ కిందకి పరిచేస్తారు. ఇంట్లో చాలామంది చెయ్యనిది ఈ రెండో పనే. పచ్చగా, తడితడిగా కనిపిస్తుంటే తీయబుద్ధి కాదు మరి!

అలాగని ఒక్కసారే ఎండగాలికి పెట్టకండి. లేత మొక్కకి వేరు చిన్నది, ఆకు నుంచి పోయే నీళ్లని అంత తొందరగా తాగి అందించలేదు. మొదటి రెండు మూడు రోజులు తేమ 70 శాతం దగ్గర ఉంచి, తర్వాత మెల్లగా 60కి, 50కి దించండి.

ఇక్కడ ఒక మెలిక ఉంది, జాగ్రత్తగా వినండి. తేమ శాతం ఒక్కటే చూస్తే సరిపోదు. 25 డిగ్రీల దగ్గర ఒక ఘనపు మీటరు గాలి సుమారు 23 గ్రాముల నీటి ఆవిరిని పట్టగలదు. 38 డిగ్రీల దగ్గర అదే గాలి 46 గ్రాములు పడుతుంది. మీటర్ రెండు చోట్లా 60 శాతమే చూపించినా, మొదటి గాలికి ఇంకా 9 గ్రాముల దాహం ఉంది, రెండోదానికి 18 గ్రాములు. అంటే మొక్క నుంచి నీళ్లు లాగే శక్తి రెట్టింపు. వేడి పెరిగితే తేమ కూడా పెరగాలి, వేడి తగ్గితే తేమ తగ్గినా పర్లేదు. కాలేజీలో వీపీడీ అని చదివే ఉంటారు, అది ఇదే.

తమ్ముడికి నేను చెప్పింది ఇది. కవర్ ఇప్పుడే తీసెయ్. పడిపోయిన మొక్కల్ని కొబ్బరి పొట్టుతో సహా తీసి దూరంగా పారెయ్, అవి మళ్లీ లేవవు. మిగిలిన వాటికి లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి మొదళ్లు తడిచేలా పొయ్యి. పైన పొట్టు కాస్త ఆరాకే మళ్లీ నీళ్లు, అదీ పొద్దున పూటే. సాయంత్రం పోస్తే రాత్రంతా తడిగా ఉంటుంది, ఆ తెగులుకి అంతకంటే ఏం కావాలి! ఒక చిన్న టేబుల్ ఫ్యాన్ తక్కువ స్పీడ్‌లో, గాలి నేరుగా మొక్కకి కొట్టకుండా గోడవైపు తిప్పి పెట్టు.

చాలామంది కూలర్ పెట్టొచ్చా అని అడుగుతున్నారు. హైదరాబాద్ ఎండాకాలంలో గాలి పొడిగా ఉంటుంది కాబట్టి కూలర్ వేడి తగ్గిస్తుంది, తేమా ఇస్తుంది. వైజాగ్, కాకినాడ వాళ్లకి మాత్రం వద్దు. అక్కడ గాలిలో తేమ ముందే ఎక్కువ, కూలర్ చల్లబరచదు సరికదా నారుని ఇంకా నానబెడుతుంది. మీకు ఫ్యాన్, నీడ చాలు. ఏసీ గదిలో అయితే గాలి ఎండిపోతుంది, అక్కడ ట్రే పక్కన వెడల్పు పళ్లెంలో నీళ్లు పెట్టండి.

ఫోన్‌లో వెదర్ యాప్ చూసి లెక్క వేయకండి, అది ఊరి లెక్క, మీ బాల్కనీది కాదు. చిన్న డిజిటల్ తేమ మీటర్ కొని ట్రే ఎత్తులో, నీడలో పెట్టండి. అది కరెక్టా కాదా తెలియాలంటే ఒక సీసా మూతలో ఉప్పు పోసి, ముద్దలా అయ్యేదాకా కొన్ని చుక్కల నీళ్లు కలపండి. మీటర్‌తో పాటు గాలి చొరని డబ్బాలో పెట్టి రాత్రంతా వదిలేయండి. పొద్దున 75 చూపించాలి. 70 చూపిస్తే, ఇకనుంచి మీ మీటర్ చెప్పినదానికి 5 కలుపుకోండి.