బర్మా టేకు - రెండు దేశాల లెక్క

మన కోస్తా ప్రాంతపు పాత ఇళ్ళలో ద్వారబంధాన్ని చూపి "ఇది బర్మా టేకు" అని పెద్దలు గర్వంగా చెబుతుంటారు. ఆ మాట వెనుక సుదీర్ఘమైన వాణిజ్య చరిత్ర ఉంది. కోరంగి, కాకినాడ, విశాఖపట్నం రేవుల నుంచి తెలుగు కూలీలు ఓడలెక్కి రంగూనుకు వెళ్ళేవారు. తెలుగువారిని అక్కడ 'కోరంగీలు' అని పిలిచేవారు. రంగూను నుంచి టేకు దుంగలు మన రేవులకు వచ్చేవి. అయితే ఈ రెండు దేశాల మధ్య ఏ కాలంలో ఎంత కలప సాగిందో పోల్చడం తేలిక కాదు.

టేకు గట్టికలప. పచ్చి టేకు నీటిలో సరిగా తేలదు. అందువల్ల బర్మా అడవులలో చెట్టు మొదలు చుట్టూ వలయంగా నరికి, దానిని నిలువునా ఎండనిచ్చేవారు. రెండు మూడేళ్ళ తరువాత పడగొట్టి, ఏనుగులతో వాగుల వద్దకు లాగించి, వరదనీటిలో వదిలేవారు. ఆ దుంగలను పెద్ద నదులలో తెప్పలుగా కట్టి రేవుకు చేర్చేవారు. కనుక ఒక ఏటి ఎగుమతి అంకె ఆ ఏడు నరికిన చెట్లను తెలుపదు. అది ఎన్నో ఏళ్ళ కిందటి గొడ్డలి దెబ్బల ఫలితం. ఆ ఏడు వానలు సరిగా లేకుంటే దుంగలు వాగుల్లోనే నిలిచిపోయేవి.

లెక్కలో తేడా ఎంతటి అనర్థానికి దారితీయగలదో 1885 సంవత్సరం తెలుపుతుంది. బాంబే బర్మా ట్రేడింగ్ కార్పొరేషన్ దుంగల సంఖ్యను తక్కువగా చూపిందని తీబా రాజు కొలువు భారీ జరిమానా విధించింది. ఆంగ్లేయులు దానినే సాకుగా తీసుకొని యుద్ధానికి దిగారు. 1886 జనవరి 1న ఆ రాజ్యం బ్రిటిష్ సామ్రాజ్యంలో కలిసిపోయింది.

అటుపై 1937 వరకు బర్మా బ్రిటిష్ ఇండియాలో ఒక భాగం. రంగూను నుంచి మద్రాసుకు వచ్చిన కలప విదేశీ దిగుమతి కాదు, తీర వర్తకం మాత్రమే. విదేశీ వాణిజ్య పట్టికలు మాత్రమే చూసేవారికి టేకు దిగుమతి 1937లో హఠాత్తుగా మొదలైనట్లు తోస్తుంది. నిజానికి మారినది సరిహద్దు.

కొలమానం మరొక చిక్కు. బర్మాలో దుంగలను 'హాపస్ టన్నుల'లో కొలిచేవారు. చుట్టుకొలతలో నాలుగోవంతును వర్గం చేసి పొడవుతో హెచ్చించడం ఈ పద్ధతి. కోతలో పోయే చెక్కును మినహాయించినట్లుగా, ఇది అసలు ఘనపరిమాణం కన్నా సుమారు 21 శాతం తక్కువ చూపుతుంది. ఒక హాపస్ టన్ను దాదాపు 1.8 ఘనపు మీటర్లకు సమానం. ఈ సంగతి మరచి పాత అంకెను నేటి ఘనపు మీటర్ల అంకె పక్కన పెడితే, నాటి వాణిజ్యం దాదాపు సగానికి కుదించుకుపోతుంది.

1996 డిసెంబరులో సుప్రీంకోర్టు మన అడవులలో నరికివేతపై కఠినమైన ఆంక్షలు విధించింది. కలప అవసరం మాత్రం తగ్గలేదు. మయన్మార్ దుంగలకు భారతదేశం ప్రధాన కొనుగోలుదారు అయింది. 2014 ఏప్రిల్ 1న మయన్మార్ దుంగల ఎగుమతిని నిషేధించింది. పట్టికలో ఆ పద్దు ఒక్కసారిగా పడిపోయింది. దానిని చూసి అడవి బతికిందనుకోవడం తొందరపాటు. నిషేధం దుంగలకే గాని కోసిన కలపకు, పలుచని కొయ్యపొరలకు కాదు. మన ప్లైవుడ్ వ్యాపారులు కొందరు అక్కడే మిల్లులు పెట్టి, గర్జన్ కొయ్యను పొరలుగా చీల్చి తెచ్చుకున్నారు. నరికేది అదే అడవి. సుంకపు పుస్తకంలో పద్దు వేరు.