సంఘానికి బస్సు కొనే ముందు



ఆరోగ్య పుస్తకంలో బస్సు సంగతి ఎందుకని మీకు అనిపించవచ్చు. జ్వరానికీ బి.పి.కీ మందులున్నాయి. కానీ ఒకే ఊరి వాళ్ళు నలభై మంది ఒకేసారి గాయాలతో వస్తే, ఎంత పెద్ద ఆసుపత్రి అయినా తట్టుకోవడం కష్టం. ఆ గాయాలను ఆపే జాగ్రత్త బస్సు కొనే రోజే మొదలవ్వాలి.

మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల్లో ఆరాధనకు, కూటములకు, పెళ్ళిళ్ళకు ట్రాక్టర్ ట్రాలీలలోనూ సరుకుల ఆటోలలోనూ వెళ్ళేవాళ్ళు ఇంకా ఉన్నారు. సరుకుల బండిలో ప్రయాణికులను ఎక్కించడం చట్టరీత్యా తప్పు. ప్రమాదం జరిగితే నష్టపరిహారం రావడం కూడా కష్టం. కాబట్టి సంఘానికి సొంత బస్సు ఉండాలనుకోవడం మంచి ఆలోచనే. అయితే ఎలాంటి బస్సు?

మూడు ప్రమాదాలు, మూడు పాఠాలు

2021 ఫిబ్రవరి 14న మదనపల్లె నుండి అజ్మీర్ దర్గాకు బయలుదేరిన టెంపో వాహనం, తెల్లవారుజామున కర్నూలు జిల్లా వెల్దుర్తి దగ్గర డివైడరు దాటి లారీని ఢీకొంది. 14 మంది చనిపోయారు. నలుగురు పిల్లలు మాత్రం బ్రతికారు. 2022 మార్చి 26 రాత్రి, ధర్మవరం నుండి నిశ్చితార్థానికి వెళ్తున్న బస్సు భాకరాపేట ఘాట్‌లో లోయలో పడింది. ఏడుగురికి పైగా ప్రాణాలు పోయాయి. వీళ్ళంతా మనలాగే అయినవాళ్ళతో కలిసి సంతోషంగా బయలుదేరినవాళ్ళు.

మూడవది దూరదేశంలో జరిగింది. అమెరికాలోని కెంటకీ రాష్ట్రంలో ఒక సంఘం పాత స్కూలు బస్సును వాడుకునేది. 1988 మే 14 రాత్రి, విహారయాత్ర నుండి తిరిగి వస్తుండగా, తాగిన వ్యక్తి నడుపుతున్న బండి ఎదురుగా వచ్చి ఆ బస్సును ఢీకొంది. ఢీకొన్న దెబ్బకు ఎవరూ చనిపోలేదు. కానీ పెట్రోలు ట్యాంకు పగిలి మంటలు లేచాయి. ముందు తలుపు పనికిరాకుండా పోయింది. మిగిలినది వెనుక తలుపు ఒక్కటే. అందరూ అక్కడికే తోసుకురావడంతో దారి మూసుకుపోయింది. 27 మంది పొగకూ మంటకూ బలైపోయారు. వాళ్ళలో ఎక్కువమంది పిల్లలు.

మన దగ్గర కూడా 2013 అక్టోబరు 30న పాలెం వద్ద 45 మంది, 2025 అక్టోబరు 24న కర్నూలు జిల్లా చిన్నటేకూరు వద్ద 19 మంది ప్రయాణికులు బస్సు మంటల్లోనే చనిపోయారు. అందుకే ఇంజను, సీట్లు, రంగు చూసే ముందు ఈ ప్రశ్న వేసుకోండి: ఆపద వస్తే ఇందులో నుండి అందరూ ఎలా దిగుతారు?

మొదట తలుపులు చూడండి

అత్యవసర ద్వారాన్ని మీ చేత్తో తెరచి చూడండి. తాళం వేసి ఉన్నా, తుప్పు పట్టి బిగుసుకుపోయినా, దానికి అడ్డంగా అదనపు సీటు బిగించి ఉన్నా ఆ బస్సు వద్దు. కిటికీలకు ఇనుప కమ్మీలు ఉంటే ఆ దారి కూడా లేనట్టే. అద్దాలు పగలగొట్టే సుత్తులు, గడువు దాటని మంటలార్పే సాధనం ఉండాలి. నడిచే దారిలో స్టూళ్ళు, వంటపాత్రలు, మైకు పెట్టెలు పెట్టకూడదు.

వీలైతే కొనే ముందే ఒక పరీక్ష చేయండి. అవ్వలు, తాతలు, పిల్లలు ఎక్కి, అత్యవసర ద్వారం గుండా దిగి చూడాలి. మోకాళ్ళ నొప్పులున్న అవ్వకు ఎవరు చేయి అందించాలో ఆ రోజే తెలుస్తుంది.

పాత బస్సు కొంటుంటే

ఆర్.సి., ఫిట్‌నెస్, ఇన్సూరెన్సు, పన్ను రసీదులు అడిగి తీసుకుని, పరివాహన్ వెబ్‌సైటులో సరిచూసుకోండి. ఎనిమిదేళ్ళ లోపు బస్సుకు రెండేళ్ళకొకసారి, ఆ పైన ఏటా ఫిట్‌నెస్ తీసుకోవాలి. కుప్పం చుట్టూ కర్ణాటక, తమిళనాడు బండ్లు చవకగా దొరుకుతాయి. అలాంటి బండికి అక్కడి ఆర్.టి.ఓ. ఇచ్చే నిరభ్యంతర పత్రం లేనిదే డబ్బు చెల్లించవద్దు. ఫైనాన్సు అప్పు తీరిందో లేదో కూడా చూడండి.

ఏ పర్మిట్ అవసరమో ముందే ఆర్.టి.ఓ. కార్యాలయంలో అడగండి. డీజిలు ఖర్చుకని తలకింత వసూలు చేస్తే బస్సును అద్దెకు తిప్పినట్టుగా లెక్కించే అవకాశం ఉంది. ఆ సంగతి కూడా అక్కడే తేల్చుకోండి.

టైరు పక్కన నాలుగు అంకెలుంటాయి. 2321 అని ఉంటే 2021లో 23వ వారంలో తయారైందని అర్థం. ముందు చక్రాలకు రీబటన్ వేసిన టైర్లు వద్దు. నమ్మకమైన మెకానిక్కును వెంట తీసుకువెళ్ళి బ్రేకులు, స్టీరింగు, బస్సు అడుగున తుప్పు చూపించండి.

మన దారులకు తగినట్టు

తిరుపతికి వెళ్ళాలంటే భాకరాపేట ఘాట్, చిత్తూరుకు వెళ్ళాలంటే మొగిలి ఘాట్ దిగాలి. ఘాట్ దిగేటప్పుడు చిన్న గేరులోనే రావాలి. న్యూట్రల్‌లో వదిలితే బ్రేకులు వేడెక్కి పట్టు తప్పుతాయి. బస్సు పైన సామాను ఎక్కువైతే మలుపులో ఒరుగుతుంది. పలమనేరు, కుప్పం అడవి దారుల్లో ఏనుగులు రోడ్డు దాటుతాయి కనుక రాత్రి ప్రయాణం మానుకోవడం మేలు. ఆర్.సి.లో ఎన్ని సీట్లు రాసి ఉంటే అంతమందే ఎక్కాలి. ఒడిలో పిల్లవాడు కూడా ఒక ప్రాణమే.

డ్రైవరు ఆరోగ్యం

బస్సుకు లక్షలు పెట్టి, డ్రైవరు కంటి పరీక్షకు వెనకాడకండి. ఆయనకు పెద్ద బస్సు నడిపే లైసెన్సు ఉండాలి. చూపు, బి.పి., షుగరు ఏటా పరీక్ష చేయించండి. క్రిస్మస్ రోజుల్లో రాత్రంతా క్యారల్స్‌తో ఊళ్ళు తిరిగిన తమ్ముడిని తెల్లవారగానే స్టీరింగు ముందు కూర్చోబెట్టకండి. నిద్రమత్తు కూడా తాగిన మత్తు లాంటిదే. “పర్వాలేదన్నా, నడుపుతాను” అని ఆయన అన్నా, పెద్దలే వద్దనాలి.

ప్రమాదం జరిగితే

వెంటనే 108కి ఫోన్ చేయండి. పొగ కమ్మితే కిందికి వంగి బయటకు రావాలి. రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టండి. కాలిన చోట ఇరవై నిమిషాలు చల్లని నీరు పోయండి. ఐసు, పేస్టు, సిరా పూయవద్దు. మెడకు, వెన్నుకు దెబ్బ తగిలినవాళ్ళను మంటలాంటి ప్రమాదం ఉంటే తప్ప కదిలించకండి. రోడ్డు ప్రమాద బాధితులకు ఏడు రోజుల వరకు, లక్షన్నర రూపాయల దాకా నగదు లేని చికిత్స ఇచ్చే కేంద్ర ప్రభుత్వ పథకం 2025 మే నెలలో మొదలైంది. డబ్బు లేదని ఆలస్యం చేయకండి.

గుర్తుంచుకోండి: బస్సు ఎంతమందిని ఎక్కించుకుంటుందో చూసి మురిసిపోకండి. ఆపదలో అందరినీ దింపగలదో లేదో చూసి కొనండి. చాలినంత డబ్బు లేకపోతే మరో సంవత్సరం ఆగండి. అంతవరకు ఆర్టీసీ బస్సు అద్దెకు తీసుకుని వెళ్ళినా ఆరాధనకు లోటు రాదు.