రోస్తోవ్ టైల్స్: బాత్రూమ్‌లో వేసే టైల్స్‌తోనే ఊరి చరిత్ర.. రోడ్డు కింద గోడలపై బొమ్మల కథ ఇదీ!

బాత్రూమ్ గోడకు వేసే టైల్ గురించి ఎవరూ పెద్దగా ఆలోచించరు. తడి అంటకూడదు, తుడిస్తే మెరవాలి, ధర అందుబాటులో ఉండాలి. అంతే. కానీ దక్షిణ రష్యాలోని ఓ నగరంలో అలాంటి టైల్సే ముక్కలు ముక్కలుగా మారి ఊరి చరిత్రను చెబుతున్నాయి. అది కూడా మ్యూజియంలో కాదు.. రోజూ వేల మంది నడిచే రోడ్డు కింద సబ్‌వేలలో. ఆ నగరం పేరు రోస్తోవ్-ఆన్-డాన్. అసలు ఈ బొమ్మలు ఎందుకు పుట్టాయి? ఎలా చేశారు? వాటిని కాపాడటం ఎందుకంత కష్టం? వివరాలు చూద్దాం.

ఎక్కడుంది ఈ నగరం?

మాస్కోకు దక్షిణంగా సుమారు వెయ్యి కిలోమీటర్ల దూరంలో, డాన్ నది కుడి గట్టున రోస్తోవ్ ఉంటుంది. జనాభా 11 లక్షలకు పైనే. సుమారు 1,870 కిలోమీటర్లు ప్రవహించే డాన్ నది, ఈ ఊరు దాటిన కొద్ది దూరానికే అజోవ్ సముద్రంలో కలిసిపోతుంది. రష్యా నుంచి కాకసస్ కొండల వైపు వెళ్లే దారి ఇటే కాబట్టి ఈ నగరాన్ని 'కాకసస్ ముఖద్వారం' అంటారు.

ఊరి పుట్టుకే నది వల్ల జరిగింది. 1749లో ఎలిజబెత్ మహారాణి ఆదేశంతో ఇక్కడ సుంకం వసూలు చేసే కార్యాలయం పెట్టారు. 1761లో కోట కట్టడం మొదలైంది. దానికి సెయింట్ దిమిత్రీ రోస్తోవ్‌స్కీ పేరు పెట్టారు. ఆ పేరే చివరికి నగరానికి స్థిరపడింది. రష్యాలో రోస్తోవ్ పేరుతో మరో పాత ఊరు ఉంది. అందుకే దీన్ని 'డాన్ ఒడ్డున ఉన్న రోస్తోవ్' అని విడిగా చెబుతారు.

1952లో వోల్గా-డాన్ కాలువ తెరుచుకుంది. 101 కిలోమీటర్ల ఈ కాలువతో డాన్ నది వోల్గాతో కలిసింది. దాంతో రోస్తోవ్‌కు తెల్ల సముద్రం, బాల్టిక్, కాస్పియన్, అజోవ్, నల్ల సముద్రాలకు నీటి దారి ఏర్పడింది. 'ఐదు సముద్రాల రేవు' అనే పేరు అలా వచ్చిందే.

సబ్‌వేలలోకి బొమ్మలు ఎలా వచ్చాయి?

నగరం నడిబొడ్డున పొడవుగా సాగే ప్రధాన వీధి పేరు బొల్షాయ సదోవయ. అంటే 'పెద్ద తోటల వీధి' అని అర్థం. సోవియట్ కాలంలో దీన్ని ఎంగెల్స్ వీధి అనేవాళ్లు. ట్రామ్‌లు, ట్రాలీ బస్సులు, కార్లు పెరిగిపోయాక ఈ వీధిని దాటడం కష్టమైంది. దాంతో కూడళ్ల దగ్గర పాదచారుల కోసం నేల కింద దారులు తవ్వారు. వొరోషిలోవ్‌స్కీ, బుద్యోన్నోవ్‌స్కీ అవెన్యూలు ఈ వీధిని దాటే చోట్ల ఉన్నవి అలాంటివే.

ఇక్కడో సమస్య వచ్చింది. సబ్‌వే అంటే ఏముంటుంది? వెలుతురు తక్కువ, తేమ ఎక్కువ, రెండు వైపులా పొడవాటి గోడలు. ఆ గోడలకు సున్నం వేస్తే నెలల్లోనే మురికి పట్టేస్తుంది. అందుకే టైల్ వేయడం తప్పనిసరి. ఎలాగూ టైల్ వేయాల్సిందే కదా, దాన్నే బొమ్మగా ఎందుకు వేయకూడదు? 1970, 80 దశకాల్లో రోస్తోవ్‌లో జరిగింది ఇదే. చిత్రకారుడు యూరీ లబింత్సెవ్ ఈ పనికి పేరు తెచ్చారు. ఆయన గీసిన గీతల ప్రకారం టైల్స్ కోసే కార్మికులు గోడలను నింపారు.

రోస్తోవ్‌లో మెట్రో రైలు లేదు. మాస్కో మెట్రో 1935లో మొదలైంది. అక్కడి స్టేషన్లు పాలరాయితో, స్మాల్ట్ అనే రంగు గాజు ముక్కల మొజాయిక్‌లతో మెరిసిపోతుంటాయి. అది రాజధాని వైభవం. రోస్తోవ్‌కు దక్కింది మాత్రం నేల కింద నడక దారి, మామూలు టైల్. ఉన్నదాంతోనే ఊరు తన సొంత చిత్రశాలను తయారు చేసుకుంది.

చౌక టైలే ఎందుకు?

దీని వెనుక ఓ పెద్ద కారణం ఉంది. 1955 నవంబర్‌లో సోవియట్ ప్రభుత్వం ఓ తీర్మానం చేసింది. భవనాలకు అనవసరమైన అలంకారాలు వద్దని, ఆ డబ్బుతో ఎక్కువ ఇళ్లు కట్టాలని దాని సారాంశం. అప్పటి నుంచి స్తంభాలు, శిల్పాలు, నగిషీలు పోయి అగ్గిపెట్టెల్లాంటి అపార్ట్‌మెంట్లు వరుసగా లేచాయి. లక్షల కుటుంబాలకు మొదటిసారి సొంత వంటగది, సొంత బాత్రూమ్ వచ్చాయి. వాటి గోడల కోసం ఫ్యాక్టరీలు టైల్స్‌ను గుట్టలుగా తయారు చేశాయి. అప్పట్లో బాగా వాడిన సైజు 15 సెంటీమీటర్ల చదరం.

మరోవైపు ఊళ్లన్నీ ఒకేలా కనిపించడం మొదలైంది. ఆ లోటు తీర్చడానికి 1960ల నుంచి గోడల మీద పెద్ద బొమ్మలు వేసే పద్ధతి పెరిగింది. బస్టాండ్లు, స్కూళ్లు, ఫ్యాక్టరీలు, క్లబ్బులు.. ఎక్కడ చూసినా మొజాయిక్‌లే. చాలా చోట్ల గాజు, రాయి వాడితే.. రోస్తోవ్ సబ్‌వేలలో ఇళ్లలో వాడే టైల్‌నే వాడారు. ఊరి జనం పొద్దున్నే ముఖం కడుక్కునేటప్పుడు ఎదురుగా కనిపించే వస్తువే, పనికి వెళ్లేటప్పుడు గోడ మీద బొమ్మగా కనిపించింది.

ఎలా చేస్తారంటే..

టైల్ బొమ్మలు రెండు రకాలు. మొదటి రకంలో టైల్ మీద రంగులతో బొమ్మ గీసి బట్టీలో కాలుస్తారు. పోర్చుగల్ అజులేజోలు ఈ కోవలోకి వస్తాయి. రెండో రకంలో రంగు వేయడం ఉండదు. ముందే ఒకే రంగులో కాలిన టైల్స్‌ను తెచ్చి, బొమ్మకు తగ్గట్టు కోసి అతికిస్తారు. రోస్తోవ్‌ది ఈ రెండో రకం.

ముందుగా గోడంత కాగితం మీద అసలు సైజులో గీత గీస్తారు. దాన్ని గడులుగా విడదీస్తారు. ఏ గడిలో ఏ రంగు ఎంత మేర రావాలో గుర్తు పెడతారు. తర్వాత టైల్ నున్నటి పైపొరను కట్టర్‌తో గీరి విరుస్తారు. వంపులు కావాలంటే పటకారుతో అంచులను కొద్దికొద్దిగా కొరుకుతారు. గీత పక్కకు పోయిందా, ముక్క పనికిరాదు. మళ్లీ మొదటి నుంచి కోయాల్సిందే. చివరికి ఆ ముక్కలన్నీ సిమెంట్ మీద పజిల్‌లా ఒకదానికొకటి ఆనుకుని కూర్చుంటాయి.

ఇందులో ఓ ఇబ్బంది ఉంది. చిత్రకారుడికి కావాల్సిన రంగు ఉండదు, ఫ్యాక్టరీ ఇచ్చిన రంగే ఉంటుంది. పైపూతలో కోబాల్ట్ కలిస్తే నీలం, ఇనుము కలిస్తే గోధుమ, రాగి కలిస్తే ఆకుపచ్చ. నీడలు, మెరుపులు లాంటివి చూపించడం కుదరదు. అందుకే మనుషుల ముఖాలు, గుర్రాలు, నది అలలు అన్నీ పెద్ద పెద్ద గీతలతో, రెండు మూడు రంగులతోనే కనిపిస్తాయి. దూరం నుంచి నడుస్తూ చూసేవాళ్లకు ఇదే బాగా ఆనుతుంది. ఆగి చూసే తీరిక లేని జనం కోసం చేసిన బొమ్మలివి.

గోడలపై ఏముంది?

ఊరి జ్ఞాపకంలో ఉన్నవన్నీ ఉన్నాయి. డాన్ కొసాక్కులు, విప్లవం, అంతర్యుద్ధం, రెండో ప్రపంచ యుద్ధం, ఆ తర్వాత శాంతి కాలం పనిపాటలు, అంతరిక్షం, పిల్లాపాపలతో కుటుంబాలు.

వీటిలో ప్రత్యేకమైనవి మిఖాయిల్ షోలొఖోవ్ నవలల పాత్రలు. డాన్ తీరంలోనే పుట్టి పెరిగిన షోలొఖోవ్‌కు 1965లో నోబెల్ బహుమతి వచ్చింది. సోవియట్ పుస్తకాలు చదివిన పాత తరం తెలుగు పాఠకులకు ఆయన పేరు కొత్త కాదు. డాన్ నది కథలోని గ్రిగోరీ, అక్సీన్యా రోస్తోవ్ జనానికి నవలలో మనుషులు మాత్రమే కాదు, సొంత ఊరివాళ్లు. పుస్తకం తెరవని వాళ్లు కూడా వాళ్లను గోడ మీద చూసి గుర్తుపడతారు.

యుద్ధం బొమ్మలకూ కారణం ఉంది. జర్మన్ సేనలు రోస్తోవ్‌ను రెండుసార్లు ఆక్రమించాయి. 1941 నవంబర్‌లో వారం రోజులు, మళ్లీ 1942 జులై నుంచి 1943 ఫిబ్రవరి 14 వరకు. నగరం చాలావరకు శిథిలమైంది. ట్రాక్టర్ ఆకారంలో కట్టిన గోర్కీ థియేటర్‌ను కూడా పేల్చేశారు. అది మళ్లీ తెరుచుకోవడానికి 1963 వరకు పట్టింది. సబ్‌వేలు తవ్వే నాటికి ఈ యుద్ధాన్ని కళ్లారా చూసిన వాళ్లు ఇంకా నడివయసులోనే ఉన్నారు. అంటే ఆ మెట్లు దిగి వెళ్లేవాళ్లలో చాలామందికి ఈ బొమ్మలు చరిత్ర కాదు.. సొంత జ్ఞాపకం.

మరి ముప్పు ఎక్కడుంది?

మొదటి శత్రువు నీరు. గోడ టైల్ పైకి గాజులా మెరిసినా లోపల మట్టి గుల్లగా ఉంటుంది. ఇలాంటి టైల్స్ తమ బరువులో 10 శాతానికి పైగా నీటిని పీల్చుకోగలవు. మామూలుగా అయితే పైపూత నీటిని ఆపుతుంది. కానీ మొజాయిక్ కోసం టైల్‌ను కోసినప్పుడు ప్రతి ముక్కకూ కొత్త అంచులు పుడతాయి. ఆ అంచులకు పూత ఉండదు. ముక్కలు ఎంత ఎక్కువైతే నీరు దూరే దారులు అంత ఎక్కువ.

దీనికి రోస్తోవ్ చలికాలం తోడవుతుంది. అక్కడ చలి సైబీరియాలోలా గడ్డకట్టి అలాగే ఉండిపోదు. జనవరి సగటు ఉష్ణోగ్రత సున్నాకు కొంచెం దిగువన ఉంటుంది. రాత్రి గడ్డకడుతుంది, పగలు కరుగుతుంది. నీరు మంచుగా మారితే పరిమాణం సుమారు 9 శాతం పెరుగుతుంది. టైల్ వెనుక ఇది పదే పదే జరిగితే ముక్క కొద్దికొద్దిగా గోడ నుంచి వదులైపోతుంది. పైన వాహనాల అదురు, మెట్ల మీద చల్లే ఉప్పు.. అన్నీ కలిసి ఆ పనిని వేగంగా పూర్తి చేస్తాయి.

రెండో ముప్పు మనుషులది. 1991లో సోవియట్ యూనియన్ కూలిపోయాక సబ్‌వేలలో చిన్న చిన్న దుకాణాలు వెలిశాయి. బొమ్మల ముందే షెడ్లు, గోడకు కేబుళ్లు, మేకులు. బతుకుతెరువు కోసం పెట్టుకున్న దుకాణదారులను పూర్తిగా తప్పుబట్టలేం. కానీ నష్టం మాత్రం గోడకే జరిగింది.

అసలు చిక్కు రిపేరులోనే!

అన్నింటికన్నా పెద్ద ప్రమాదం ఏంటంటే.. మంచి ఉద్దేశంతో చేసే మరమ్మతు. రోడ్ల విభాగం ఇంజినీరు లెక్కలో ఇది పాత సబ్‌వే, ఊడిపోతున్న టైల్స్. నీరు కారుతోంది, జనం జారిపడొచ్చు. పాతది తీసేసి కొత్త గ్రానైట్ వేస్తే ఖర్చు తక్కువ, పని త్వరగా అయిపోతుంది. అందులో తప్పేమీ కనిపించదు. ఎందుకంటే ఆ టైల్‌కు వస్తువుగా విలువ లేదు. పాలరాయి అయితే ఎవరైనా ఆలోచిస్తారు. బాత్రూమ్ టైల్ కోసం ఎవరు ఆగుతారు?

కానీ అవే టైల్స్ మళ్లీ కావాలంటే దొరకవు. అప్పటి సైజు, మందం, రంగు వేరు. ఇప్పటి నీలం పక్కన అప్పటి నీలం పెడితే అతుకు స్పష్టంగా కనిపిస్తుంది. అచ్చంగా అదే రంగు రావాలంటే పైపూత కలిపి, నమూనాలు కాల్చి చూస్తూ ప్రత్యేకంగా తయారు చేయించాలి.

కాపాడే పద్ధతులు లేకపోలేదు. ముందు గోడ మొత్తాన్ని ఫొటోలు తీసి ప్రతి ముక్కకూ నంబర్ ఇవ్వాలి. పైకప్పు నుంచి కారే నీటిని ఆపాలి. అది చేయకుండా కింద ఏం చేసినా వృథా. వదులైన చోట సన్నటి గొట్టంతో గార ఎక్కించి మళ్లీ అతికించవచ్చు. తప్పనిసరైతే బొమ్మ మీద బట్టను జిగురుతో అంటించి, వెనుక నుంచి కోసి, పలకలుగా ఊడదీసి మరో చోట నిలబెట్టవచ్చు. అయితే ఇవన్నీ కొత్త టైల్ వేయడం కన్నా ఖరీదైన పనులు.

అందుకే రోస్తోవ్ బొమ్మల భవిష్యత్తు ఓ ప్రశ్న మీద ఆధారపడి ఉంది. ఈ గోడను రోడ్డులో భాగంగా చూడాలా, కళగా చూడాలా? రోడ్డుగా చూస్తే ఊడిన ప్రతి ముక్కా చెత్తే. కళగా చూస్తే కింద పడిన ముక్కను ఏరి, కడిగి, నంబర్ వేసి దాచాలి. చౌక టైల్‌తో చేయడం వల్లే ఈ బొమ్మలు అన్ని గోడల మీదకు రాగలిగాయి. అదే చౌకదనం ఇప్పుడు వాటిని ఊడబీకడానికీ కారణం కావచ్చు.