భీష్మించు: ఒక నామజన్య క్రియ

సంస్కృతపదములపై 'ఇంచు' చేరగా తెలుగున పెక్కు క్రియలు ఏర్పడినవి. రక్షించు, ప్రేమించు మొదలగునవి ఇట్టివి. వీనిలో వ్యక్తినామమునుండి పుట్టినవి అరుదు. 'భీష్మించు' అట్టి అరుదైన క్రియ. దీని అర్థపరిణామమును ఇచట పరిశీలింతుము.

'భీష్మ' శబ్దము మొదట విశేషణము. భయార్థకమగు 'భీ' ధాతువునుండియే భీమ, భీష్మ శబ్దములు రెండును ఏర్పడినవి. భీమాదిశబ్దములు అపాదానార్థమున సిద్ధించునని పాణినీయము (3-4-74). అనగా దేనివలన భయము కలుగునో అది భీష్మము. అమరకోశము నాట్యవర్గమున ఈ రెంటిని భయానకపర్యాయములలో చేర్చినది.

శంతనుపుత్రుడు దేవవ్రతుడు తండ్రి వివాహముకొరకు దాశరాజు ఎదుట రెండు ప్రతినలు పూనెను: రాజ్యమును గ్రహింపను, వివాహమాడను. ఆ ప్రతినల భీషణత్వముచే విశేషణము అతనికి పేరైనది. ఆ పేరే తెలుగున మరల సామాన్యపదమై రెండు త్రోవల నడచినది.

మొదటి త్రోవ గౌరవార్థకము. వయసునను అనుభవమునను పెద్దయైనవానిని భీష్ముడందురు. న్యాపతి సుబ్బారావు పంతులు (1856–1941) గారికి 'ఆంధ్రభీష్మ' యని ప్రసిద్ధి.

రెండవది 'భీష్మించు'. ఇది విశేషణమునుండి పుట్టినచో 'భయపెట్టు' అను అర్థము రావలెను. ఆ అర్థము వాడుకలో లేదు. 'పిల్లవాడు అన్నము తిననని భీష్మించుకొని కూర్చున్నాడు' అన్నచో భయప్రసక్తియే లేదు. కావున ఈ క్రియకు మూలము విశేషణము కాదు, వ్యక్తి. అందును అతని ప్రతిజ్ఞ. 'కావలెనని భీష్మించుట' కూడ కలదు గాని, తినను, రాను, ఒప్పుకొనను అను నిరాకరణములతోడనే ఈ క్రియకు పొత్తు మెండు. గాంగేయుని ప్రతినలు రెండును నిరాకరణములే యగుట గమనింపదగినది.

అయినను భేదమొకటి కలదు. దేవవ్రతుడు పరునికొరకు తన హక్కు విడిచెను. నేడు భీష్మించువాడు తన మాట నెగ్గించుకొనుటకే పట్టుబట్టును. త్యాగము జారిపోయి పట్టు మాత్రము మిగిలినది.

దీనిని కేవలము అర్థభ్రంశమనుటకు మేము సమ్మతింపము. విచిత్రవీర్యుడు సంతతి లేక మరణించినపుడు, వంశమును నిలుపుమని సత్యవతియే భీష్ముని వేడినది. ఎవరికొరకు ప్రతిన పూనెనో ఆమెయే విడువుమన్నను అతడు విడువలేదు. త్యాగమునకును మొండితనమునకును గల ఎడము ఆ ఘట్టమున ఎంత సన్నమో తెలియును. ఆదిపర్వమున ప్రతిజ్ఞాఘట్టము నామమునకు మూలమైనచో, ఈ నిరాకరణఘట్టము మన క్రియార్థమునకు సమీపము.

కావున నిఘంటువులు 'మొండిపట్టు పట్టు' అని విడిచిపెట్టుట చాలదు. భయంకరము, వ్యక్తినామము, ప్రతిన, మంకుపట్టు అను నాలుగు మెట్లును చూపినగాని ఈ పదచరిత్ర పూర్ణము కాదని మా అభిప్రాయము.