చీర రంగు – చిత్రపు రంగు



గద్వాల చీరకు ఒడలు నూలు; అంచును, కొంగును పట్టు. నూలు వెలుగును మ్రింగును, పట్టు తళుక్కుమనును. ఈ రెంటిని ఒక్క చిత్రమున నిజముగాఁ జూపుట కష్టము. గద్వాలలోఁగాని, వనపర్తి, నాగర్‌కర్నూలులలోఁగాని ఇంటనుండి చీరలమ్ము స్త్రీకి చిత్రమే అంగడి. చిత్రమున చిలుకపచ్చయై, చేతికి వచ్చునప్పటికి ముదురుపచ్చ యైనచో చీర తిరిగివచ్చును, నమ్మకము తిరిగిరాదు.

జేపెగ్ చిత్రమున నొక్కొక్క మూలవర్ణమునకు 256 ఛాయలే. 14 బిట్ల 'రా' చిత్రమున 16,384. కావున రంగు దిద్దుటకు దానియందే వీలెక్కువ. అయితే వండనిదే బియ్యము అన్నము కానట్లు, సాఫ్టువేరున మార్చనిదే అది పంపుటకుఁ బనికిరాదు.

అడోబీవారి లైట్‌రూమునకు చందా కట్టుచుండవలయును. డార్క్‌టేబుల్, రాథెరపీ ఉచితములు. నేర్చుటకు ఓపిక కావలయును. మూఁడును మూలచిత్రమును చెఱుపక, దిద్దుబాటులను వేఱుగా దాఁచుకొనును. ఉచితమైనవానితో నారంభించుట మేలని మా యభిప్రాయము.

పరీక్ష యిది: చీరప్రక్కన బూడిదరంగు అట్టముక్క నుంచి చిత్రము తీయుఁడు. సాఫ్టువేరులో తెలుపు సరిచేయు పరికరముతో ఆ యట్టను తాఁకుఁడు. పిదప పగటివెలుగున చీరను తెరప్రక్కఁ బట్టి చూడుఁడు. చీరకు లేని సొగసు నిచ్చునది కాక, ఉన్న రంగును జూపునదియే ఎన్నఁదగినది.