కణంలోని పొదుపరి – ఎ.ఎం.పి.కె.

మధుమేహ రోగి ఉన్న ప్రతి ఇంటా మెట్‌ఫార్మిన్ మాత్ర సుపరిచితమే. దీని మూలం ఒక మొక్క అని తెలిసినవారు తక్కువ. ఐరోపా జానపద వైద్యంలో వాడిన గలేగా అనే చిక్కుడు జాతి మొక్కలోని గెలీజిన్ అను పదార్థానికి ఇది దగ్గరి బంధువు. 1957లో పారిస్ వైద్యుడు జాన్ స్టెర్న్ దీనిని మధుమేహంలో ప్రయోగించిన ఫలితాలను ప్రకటించెను. ఇది పనిచేసే మార్గాలలో ఒకటి మాత్రం 2001లో గాని బయటపడలేదు. ఆ మార్గమే ఎ.ఎం.పి.కె. అను ఎంజైము.

బియ్యం డబ్బా అడుగంటినపుడు గృహిణి పిండివంటలు మాని, ఉన్న సరుకును పొదుపుగా వాడుతుంది గదా! కణంలో శక్తి తరిగినపుడు ఈ ఎంజైము చేసేదీ అదే. కొవ్వు, కొలెస్ట్రాల్ తయారీని నిలుపుతుంది. కొవ్వును దహింపజేస్తుంది. కండరాలు రక్తంలోని చక్కెరను గ్రహించేటట్లు చేస్తుంది. వ్యాయామ సమయంలో ఇది సహజంగానే మేల్కొంటుంది.

పుట్టకురుపు కణానికి ఎడతెగని పెరుగుదల కావాలి. ఈ పొదుపరి దానికి ఆటంకం. దీనిని మేల్కొలిపే ఎల్.కె.బి.1 అను మరొక ఎంజైము జన్యువులో పుట్టుకతోనే లోపమున్నవారికి ప్రేగులలో పిలకలు లేచి, క్యాన్సర్ ముప్పు అధికమవుతుంది. ఈ రెండు ఎంజైముల సంబంధం 2003లో తేలింది. దానితో మెట్‌ఫార్మిన్ క్యాన్సర్‌ను కూడా అణచగలదని ఆశ కలిగింది. కాని మధుమేహం లేని 3,649 మంది రొమ్ము క్యాన్సర్ రోగులపై జరిగిన పరీక్షలో, ప్రధాన ఫలితం విషయంలో మేలు కనబడలేదని 2022లో వెల్లడైంది. గడ్డ ఏర్పడిన పిమ్మట ఇదే పొదుపు క్యాన్సర్ కణాన్ని ఆకలి నుండి కాపాడగలదు. పొదుపుకు మంచివాడు, దొంగ అను భేదం లేదు మరి!

మన మాను పసుపు, అనగా దారుహరిద్ర, చరకుని ప్రమేహ కషాయాలలో ఒక ద్రవ్యం. అందులోని బెర్బెరిన్ కూడా ఈ ఎంజైమును మేల్కొలుపుతుందని ప్రయోగశాలలలో తేలింది. ఇది సంతోషించదగినదే. అయినను దీనిని నమ్మి క్యాన్సర్ చికిత్సను వాయిదా వేయుట ప్రాణాపాయం. చక్కెర మాత్రలతో పాటు దీని కషాయం సేవించినచో రక్తంలో చక్కెర మరీ పడిపోవచ్చు. కొన్ని ఔషధాల మోతాదు రక్తంలో పెరగవచ్చు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు దీనిని వాడరాదు. తక్కినవారు తాము వాడుతున్న మందులన్నింటినీ వైద్యునికి చూపి, ఆ పిమ్మటనే ఆరంభించవలెను.