తన తల కొలత

కృష్ణా తీరపు పల్లెలలో ఒకనాడు ఇంటింట గోడగూటిలోనో, దూలపు సందులోనో ఒక వెంట్రుకల ఉండ దాగియుండెడిది. తల దువ్వుకొన్న స్త్రీలు దువ్వెన పండ్లకు చిక్కిన వెంట్రుకలను పారవేయక, వ్రేలికి చుట్టి అందు దాచెడివారు. పిన్నీసులు, పూసలు, తరువాతి కాలమున స్టీలు గిన్నెలు ఇచ్చి చిక్కు వెంట్రుకలు కొనుటకు వీధివెంట వచ్చువారికి కొంత అమ్మి, మిగిలినదానితో తమకు సవరము కట్టించుకొనెడివారు. ఆ సవరమును జడలో కలిపి అల్లుకొనుటలో వారికి సిగ్గు లేదు, చాటు లేదు. తన వెంట్రుకయే తన సవరమగుటచేత, అది యెంత పొడవుండవలెనో, ఎంత ఒత్తుండవలెనో, ఏ ఛాయకు సరిపోవలెనో ఆ గృహిణికి తెలిసినట్లు మరియెవ్వరికిని తెలియదు.

నేడు పురుషుని తలమీదికి ఆ సవరమే మరియొక రూపమున వచ్చినది. విజయవాడలో ‘హెయిర్ ప్యాచ్’ అని బోర్డు కట్టిన సెలూనులలో, నెత్తిమీద పలుచబడిన మేర గొరిగి, సన్నని వలకో ప్లాస్టిక్కు పొరకో ఒక్కొక్క వెంట్రుకగా అమర్చిన ప్యాచును టేపుతోనో జిగురుతోనో అంటించి, చుట్టునున్న సొంత జుట్టుతో కలిసిపోవునట్లు కత్తిరింతురు. తల చెమర్చును, సొంత జుట్టు పెరుగును, జిగురు వదలును. కావున మూడు నాలుగు వారములకొకసారి ప్యాచును ఊడదీసి, కడిగి, మరల అంటింపవలసియుండును. దీనినే ‘సర్వీసు’ అందురు. బందరులో కాపురముండి బెజవాడ సెలూనుకు పోవు ఒక గుమాస్తాను ఊహింతము. మూడు వారములకొక మారైనచో ఏటికి 17 మారులు. రానుపోను సుమారు 140 కిలోమీటర్ల చొప్పున ఏటికి 2,380 కిలోమీటర్లు. సర్వీసు సొమ్ము, బస్సు ఛార్జీ, పోయిన ఆదివారములు వేరు. ఇంత తిరిగియు, తన నెత్తిమీద నున్నది వలయో పొరయో, ఏ కొలతదో, ఏ రంగు నంబరుదో, ఏ జిగురుతో నిలిచియున్నదో అడిగినచో అతడు చెప్పలేడు. 2020 మార్చి 25న దేశమంతట లాక్‌డౌను విధించి సెలూనులు మూతపడినప్పుడు, ప్యాచును ఊడదీయుటయు చేతగాక, ఊడిన పిమ్మట అంటించుకొనుటయు తెలియక, ఇట్టివారు పడిన యాతన వారికే తెలియును.

ఆన్‌లైనులో ప్యాచును తెప్పించుకొని ఇంటనే పెట్టుకొనవలెనని నేడు పలువురు పూనుకొనుచున్నారు. వ్యయము తగ్గుననుట నిజమే. కాని అట్లు పూనుకొన్నవాడు మొట్టమొదట సంపాదించుకొనవలసినది ఆనాటి గృహిణికున్న ఎరుక. అది లేక దుకాణమును మాత్రము మార్చినవాడు రెండు చోట్లను నష్టపడును.

ముందుగా బట్టతలను గూర్చి ఒక మాట. ఎండకు తల మాడి తాటినీడకు చేరిన ఖల్వాటుని కథను, భర్తృహరి నీతిశతకమును తెనిగించిన ఏనుగు లక్ష్మణకవి మన బడిపిల్లలకు సైతము పరిచితము చేసెను. ఆ కథలో అతడు దైవోపహతునకు దృష్టాంతము; వైద్యశాస్త్రమున మాత్రము బట్టతల కారణము స్పష్టముగా నున్నది. పురుషులలో సామాన్యముగా కనబడు బట్టతల వంశపారంపర్యమైనది. టెస్టోస్టిరాన్ నుండి శరీరమున తయారగు డైహైడ్రోటెస్టోస్టిరాన్ అను హార్మోనుకు నుదుటిపైనను నడినెత్తినను ఉన్న రోమకూపములు లొంగి, ఏటికేడు మరింత సన్నని వెంట్రుకను మొలిపించుచు, తుదకు నూగుతో ఆగిపోవును. చెవులపైనను మెడవెనుకను ఉన్నవి మాత్రము లొంగవు. బోరునీటినో, హెల్మెట్టునో నిందించుట వ్యర్థము. అట్లుగాక రూపాయి బిళ్లంత మేర ఒక్కసారిగా నున్నబడినచో అది పేనుకొరుకుడు కావచ్చును. పేరున పేనున్నను పేనుకు దానితో సంబంధము లేదు, శరీరపు రక్షణశక్తి తన రోమకూపములపైననే తిరుగబడుటచే కలుగు వ్యాధి యది. దానికి చికిత్స కలదు. కావున ప్యాచును వెదకుటకు ముందే చర్మవైద్యుని ఒకమారు దర్శించుట వివేకము.

ఇతరుల వెంట్రుకను తలదాల్చుట లజ్జాకరమని కుమిలిపోవువారికి ఈ కృష్ణా డెల్టాయే సమాధానము చెప్పగలదు. మొవ్వ చెంతనున్న కూచిపూడిలో తరతరములుగా పురుషులే స్త్రీవేషము కట్టి ఆడిరి. భామాకలాపమున సత్యభామ తెరమీదుగా జడను జారవిడిచి విద్వాంసులను సవాలు చేయుట ఆ సంప్రదాయమునకు ప్రాణప్రదమైన ఘట్టము. 1935లో జన్మించి, సత్యభామ యనగా ఆయనయే యన్నంత కీర్తిగన్న వేదాంతం సత్యనారాయణ శర్మకు 1970లో పద్మశ్రీ లభించినది. 1902లో బాపట్లలో పుట్టి, తెనాలి రంగస్థలమున స్త్రీపాత్రలకు జీవము పోసిన స్థానం నరసింహారావుకు 1956లో ఆ గౌరవమే దక్కినది. జడ పాత్రకు అమరినదా యని చూచిరే గాని, అది యెవరి వెంట్రుకలదని వారి ప్రేక్షకులు విచారింపలేదు.

నేటి ప్యాచులలోని వెంట్రుక వచ్చుచున్న త్రోవ మన మొక్కుబడుల త్రోవయే. తిరుమల కల్యాణకట్టయందు, ద్వారకాతిరుమలయందు, బెజవాడ దుర్గమ్మ సన్నిధిని, మోపిదేవియందు మన ప్రజలు తలనీలాలు సమర్పింతురు. తిరుమల తిరుపతి దేవస్థానము వానిని పొడవును బట్టి తరగతులుగా విభజించి ఈ-వేలమున అమ్మును. పొడవైనవి విగ్గులకును, సవరములకును పోవును. మిక్కిలి పొట్టివానినుండి సిస్టీన్ అను అమైనో ఆమ్లమును తీయుదురు. బెజవాడకు 60 కిలోమీటర్ల దూరముననున్న ఏలూరిలో, తివాచీలతోపాటు, తలవెంట్రుకలను కడిగి, చిక్కుదీసి, వరుసలు కట్టి విదేశములకు పంపు పరిశ్రమయు చిరకాలముగా నున్నది. అచ్చటినుండి ఆ కట్టలలో చాలభాగము చైనాకు పోవును. షాన్‌డాంగ్ రాష్ట్రములోని చింగ్‌దావ్ నగర ప్రాంతమున వానిని వలకు ముడివేసి ప్యాచులుగా మలచి ప్రపంచమంతటికి అమ్ముదురు. 2004లో జెరూసలేములోని ఒక యూదు మతాచార్యుడు, భారతదేశపు ఆలయములలో అర్పించిన వెంట్రుకలతో చేసిన విగ్గులు తమవారు ధరింపరాదని శాసించినపుడు న్యూయార్కులోని బ్రూక్లిన్‌లో విగ్గులను తగులబెట్టిరి. మన తలనీలాలు ఎంత దూరము పోయినవో ఆ మంటలు చూపినవి. ముడిసరకు దొంగత్రోవల తరలిపోవుటను అరికట్టుటకై 2022 జనవరిలో కేంద్ర ప్రభుత్వము ముడి తలవెంట్రుకల ఎగుమతిపై ఆంక్ష విధించినది. ఆన్‌లైనున బందరు చేరు పార్సెలులోని వెంట్రుక ఒకనాడు ఈ గడ్డమీది తల్లియే మొక్కు తీర్చుకొని అర్పించినదై యుండవచ్చును. అట్టిదానిని నిర్లక్ష్యముగా కొనరాదు, నిర్లక్ష్యముగా వాడరాదు.

కొనువాడు మొదట వెంట్రుక స్వభావము నెరుగవలెను. వెంట్రుకపై చేప పొలుసులవంటివి మొదటినుండి కొసవైపునకు వాలియుండును. కట్టగా కోసిన జుట్టులో మొదళ్లన్నియు ఒకే దిక్కున నుండుటచే అది చిక్కుపడదు. వర్తకులు దీనిని ‘రెమీ’ అందురు. దువ్వెనకు వచ్చిన చిక్కు వెంట్రుకలలో మొదళ్లు, కొసలు తారుమారగుటచే పొలుసులు ఒకదానినొకటి పట్టుకొనును. అట్టిదానిని ఆమ్లముతో నునుపు చేసి, సిలికాన్ పూత పూసి మెరిపింతురు. కొన్ని తలంట్లకు ఆ పూత పోయి జుట్టు అట్టలు కట్టును. రెండు వ్రేళ్ల నడుమ వెంట్రుకను మొదటినుండి కొసకు, మరల కొసనుండి మొదటికి జార్చి చూడుడు: పొలుసు చెడని వెంట్రుక క్రిందికి నునుపుగను, పైకి కొంచెము గరుకుగను తోచును. ఊడిన ఒక వెంట్రుకను కాల్చి చూచినచో, మనుష్యునిదైనది బూడిదయగును, కృత్రిమమైనది కరగి ముద్ద కట్టును.

తరువాత అడుగుభాగము. దీనిలో ముఖ్యముగా మూడు జాతులు కలవు. లేస్ అనునది వల. గాలి యాడును, కాని సుకుమారము. స్కిన్ లేక పాలీ అనునది పారదర్శకమైన పొర. శుభ్రపరచుట సులభము, చెమట నిలుచును. 0.03 మిల్లీమీటర్ల పొర నుదుటిపై చర్మమువలెనే కనబడినను కొన్ని వారములకే చిరుగును, 0.08 మిల్లీమీటర్లది కొన్ని నెలలు నిలుచును. మోనో అనునది గట్టి వల. అన్నిటికంటె మన్నిక గలది, అన్నిటికంటె బరువైనది. రోహిణికార్తె ఎండను, సముద్రపు తేమను ఏకకాలమున భరింపవలసిన మన డెల్టాలో, నడుమ లేస్ ఉండి అంచులయందు మాత్రము పాలీ గల రకము పలువురకు అనుకూలించును. ఇదివరకు సెలూనులో పెట్టించుకొన్న ప్యాచు ఏ జాతిదో అడిగి వ్రాసికొనుడు. సొమ్ము చెల్లించినవానికి ఆ మాట అడుగు హక్కు గలదు.

ఇక కొలత. వంటింటిలో వాడు పలుచని ప్లాస్టిక్కు చుట్టను తలమీద బిగువుగా కప్పి, దానిపై పారదర్శకమైన టేపును అడ్డముగను నిలువుగను అంటించినచో అది టోపీవలె గట్టిపడును. కనుబొమల నడుమనుండి నాలుగు వ్రేళ్లు పైకి కొలిచి ముందు అంచును, పలుచబడిన మేర చుట్టును స్కెచ్ పెన్నుతో గీసి, ‘ముందు’, ‘వెనుక’ అని వ్రాసి కత్తిరించినచో అదియే తల అచ్చు. ఇంట ఒకరి సాయముండుట మేలు. సిద్ధముగా దొరకు ప్యాచులలో 8 అంగుళముల వెడల్పు, 10 అంగుళముల పొడవు గలవి విరివిగా నుండును. అచ్చు అంతకంటె చిన్నదైనచో అంచులు కత్తిరించుకొనవచ్చును, పెద్దదైనచో అచ్చును పంపి ప్రత్యేకముగా చేయింపవలెను. రంగును నంబరుతో చెప్పుదురు: 1 కాటుకనలుపు, 1బి సహజమైన నలుపు, మన జుట్టుకు తరచు సరిపోవునది రెండవది. నలుబది యేండ్లు దాటినవారు నెరసిన పాలును శాతములలో చెప్పవలెను. కొత్తవారు చేయు పెద్ద పొరపాటు ఒత్తు జుట్టును కోరుట. ఇరువదియేండ్లనాటి ఒత్తును ఏబదియేండ్ల ముఖముపై నిలిపినచో చూచినవాడెల్ల విగ్గని యెరుగును. ఒత్తు తగ్గినకొలది సహజత్వము హెచ్చును.

పార్సెలు వచ్చిన పిదప విప్పునప్పుడే వీడియో తీయుడు. కత్తెర తగిలిన ప్యాచును, జిగురంటిన ప్యాచును ఏ అమ్మకందారును తిరిగి తీసికొనడు; కావున రంగును, కొలతను పగటివెలుగున చూచుకొన్న పిమ్మటనే కత్తిరింపవలెను. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారము అమ్మకపు వేదిక వస్తువు ఏ దేశమున తయారైనదో, తిరిగి యిచ్చు షరతులేమో తెలుపవలెను. ఫిర్యాదును 48 గంటలలో అందుకొన్నట్లు చెప్పి, నెలలోగా పరిష్కరింపవలెను. చేయనిచో వినియోగదారుల సహాయ నంబరు 1915 కలదు. విదేశమునుండి నేరుగా తెప్పించుకొన్నచో కస్టమ్స్ సుంకము పడుటయే గాక, నష్టపరిహారము రాబట్టుట కష్టము. ఆ సంగతి ముందే లెక్కలో వేసికొనవలెను.

అంటించుట తొందరపనివాని పని కాదు. జిగురును గాని టేపును గాని మొదట మోచేతి లోపలివైపు కొద్దిగా అంటించి రెండు దినములు చూడవలెను. దురద, ఎరుపు కనబడినచో అది తలకు పనికిరాదు. తల గొరిగి, నూనెజిడ్డు లేకుండ కడిగి, పూర్తిగా ఆరిన తరువాతనే అంటింపవలెను. ఊడదీయుటకు వాడు ఆల్కహాలు ద్రవములు మండును గనుక గ్యాసు పొయ్యి దగ్గరను, దీపారాధన దగ్గరను వానిని తెరువరాదు. బలముగా లాగరాదు, ద్రవము జిగురును కరగించువరకు ఓర్పు వహింపవలెను. అంటించిన చోట పుండ్లు, పొక్కులు ఉన్నంతకాలము ప్యాచును ముట్టరాదు. క్లిప్పులతోను, కుట్టుతోను సొంత జుట్టుకు బిగించు పద్ధతి యెక్కడనైనను మేలు కాదు. నిరంతరపు లాగుడుకు ఉన్న జుట్టును ఊడిపోవును. క్యాన్సరు చికిత్సలో జుట్టు రాలినవారి చర్మము మిక్కిలి సున్నితమై యుండును. వారికి జిగురు లేని మెత్తని టోపీ విగ్గే తగినది, చికిత్స ముగిసిన కొన్ని నెలలకు సాధారణముగా జుట్టు మరల వచ్చును.

ఇంత చెప్పినది సెలూనులను తూలనాడుటకు కాదు. కత్తిరింపు చేతిపని, అద్దములో చూచుకొనుచు తన మెడవెనుకటి జుట్టును తాను కలుపుకొనుట అసాధ్యము. మొదటి ప్యాచును అనుభవజ్ఞుని చేత పెట్టించుకొని, అతడు చేయుచున్నది శ్రద్ధగా చూచి నేర్చికొని, రెండవదానిని తెప్పించుకొనుట మంచి క్రమము. అటుపిమ్మట గూడ కత్తిరింపునకు మన ఊరి క్షౌరశాలకే పోయి, అతనికి తగిన ప్రతిఫలమిచ్చి, ఈ పని యతనికిని అలవడునట్లు చేయవచ్చును. అప్పుడు బందరు గుమాస్తా బెజవాడకు పోవలసిన పని లేదు. బందరు క్షురకునకు ఒక కొత్త విద్య వచ్చును.

ప్యాచు మారినంత త్వరగా ఆ ప్లాస్టిక్కు అచ్చు మారదు. దానిని పారవేయక, తేదీ వ్రాసి, రంగు నంబరు వ్రాసి, సరిపడిన జిగురు పేరు వ్రాసి భద్రపరచుకొనుడు. మన అమ్మమ్మలు గోడగూటిలో దాచుకొన్న వెంట్రుకల ఉండ వారి సవరమునకు మూలధనము. నేటి మనిషి బీరువా అరలోని ఈ తల అచ్చును అట్టిదే. అది చేతనున్నవాడు ఏ దుకాణమున కొన్నను, ఏ పట్టణమున కాపురమున్నను, తన తలను గూర్చి పరులనడుగ నక్కరలేదు.